చెరువు సుందరీకరణ కమిటీ పెద్దలకు: ఆ పడమటి బురద మాత్రం వదిలేయండి

కమిటీ పెద్దలకు నమస్కారం.

మొన్న సోమవారం పొద్దున షేర్ ఆటో దిగేసరికి చెరువు కట్ట మీద పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. చెరువు చుట్టూ రాతి గోడ, దాని మీద రంగు టైల్స్ పరిచిన వాకింగ్ ట్రాక్, మధ్యలో ఫౌంటెన్, హంస ఆకారంలో పెడల్ బోట్లు, రాత్రిపూట వెలిగే నీలం, ఊదా లైట్లు. ట్రాక్ మీద నడుస్తున్నవాళ్లు కూడా మన ఊరివాళ్లలా లేరు, ఏదో విమానం దిగి నేరుగా ఇక్కడికే వచ్చినట్టున్నారు. నీళ్ల అంచున నాలుగు ఫ్లెమింగోలు నిలబడి ఉన్నాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయి. కాకపోతే పదకొండేళ్లుగా ఈ చెరువు పక్కన కూర్చుని అన్నం తింటున్నాను, ఒక్క ఫ్లెమింగో నా కంట పడలేదు. వాటిని చూడాలంటే సూళ్లూరుపేట దాటి పులికాట్ ఒడ్డుకు వెళ్లాలి. ఈ చెరువుకు నిజంగా వచ్చే పిట్ట ఒక్కటి కూడా ఆ ఫ్లెక్సీ మీద లేదు.

ఈ ఉత్తరం వాటి గురించే. డిజైన్ గీసినవాళ్లను తప్పు పట్టడం లేదు. వాళ్లు కొలతలకు వచ్చింది మే నెలలో. మేలో పిట్టల సంగతి అటుంచి, చెరువులో నీళ్లే ఉండవు.

నేనెవరో చెప్పుకోవాలి కదా. చెరువుకు పడమటి వైపు రేకుల షెడ్లున్న మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే గుమస్తాని. ఉండేది విజయవాడ. రోజూ గుంటూరు ప్యాసింజర్ ఎక్కి నంబూరులో దిగి ఇక్కడికి వస్తాను, సాయంత్రం మళ్లీ అదే దారి. మీ ఊళ్లో నాకు ఓటు లేదు, ఇల్లు లేదు, సెంటు భూమి లేదు. 'మధ్యలో నీకెందుకయ్యా' అంటే చెప్పడానికి ఒక్కటే ఉంది. మీలో చాలామంది కంటే ఎక్కువసేపు ఈ చెరువు ముందు కూర్చున్నవాణ్ని.

కూర్చోబెట్టింది మిరపకాయల ఘాటు. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు లారీల వరస తెగదు. ముఠావాళ్లు, అదే హమాలీలు, టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుతూనే ఉంటారు, నేను సరుకు దాచినవాళ్లకి బాండ్లు రాస్తూనే ఉంటాను. ఆఫీసు గదిలో ఫ్యాను వేస్తే కారం గాల్లోకి లేస్తుంది, ఆపేస్తే ఉడికిపోతాం. క్యారేజీ మూత తీసి ముద్ద నోట్లో పెట్టుకునే లోపల మూడు తుమ్ములు. అందుకని వాచ్‌మన్ బాబాయ్, నేను వెనక గేటు తీసుకుని చెరువు గట్టు మీద వేపచెట్టు కిందకి చేరేవాళ్లం. అది అలవాటై సీజన్ లేని నెలల్లో కూడా అక్కడికే పోవడం మొదలైంది. నవంబరు, డిసెంబరుల్లో గోడౌన్ ఖాళీ అవుతూ ఉంటుంది, పని పల్చగా ఉంటుంది, ఎండ కూడా కరవదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అవి దిగుతాయి.

మొదట చూసింది గుప్పెడంత పిట్ట. మట్టిరంగు వీపు మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు, పసుపుపచ్చ కాళ్లు. బురదలో రెండడుగులు వేయడం, ముక్కు గుచ్చి తీయడం, మళ్లీ రెండడుగులు. మధ్యమధ్యలో ఎక్కిళ్లు వచ్చినట్టు ఒళ్లంతా ఒక్కసారి ఎగరేసేది. "ఉల్లంకి" అన్నాడు బాబాయ్. ఆయన చిన్నప్పుడు వీటిని వలేసి పట్టి వేపుడు చేసుకునేవారట. "పది పట్టినా ఒక మనిషికి చాలవు, అన్నీ ఎముకలే" అని మొహం చిట్లించాడు. ఆ రోజుకి పక్షిశాస్త్రం అంతే.

ఉల్లంకి అంటే ఒక్క పిట్ట పేరు కాదని, బురద ఒడ్డున ముక్కు గుచ్చే రకాలకు మనవాళ్లు ఉమ్మడిగా వాడే పేరని తర్వాత తెలిసింది. నేను చూసినదాన్ని ఇంగ్లీషులో వుడ్ శాండ్‌పైపర్ అంటారు. యూరప్ ఉత్తరం నుంచి సైబీరియా దాకా పరుచుకున్న అడవుల్లో, అక్కడి చిత్తడి నేలల్లో గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తుంది. అక్కడ నేల గడ్డకట్టే లోపు బయల్దేరి ఇటు వస్తుంది. బరువు అరవై, డెబ్బై గ్రాములు. మా ప్లాట్‌ఫారం కాటా మీద నిలబెడితే అంకె కదలదు. ఆ ఒంటితో అన్ని దేశాలు దాటి వచ్చింది, మీ ఊరి చెరువులో నాలుగు దిక్కులుండగా పడమటి దిక్కునే, ఆ కాస్త బురదలోనే ఎందుకు దిగుతుందో నాకు రెండు శీతాకాలాల పాటు అర్థం కాలేదు.

తూర్పున కట్ట ఉంది. అక్కడ ఒడ్డు నిటారుగా దిగిపోతుంది, కాలు పెడితే నడుము లోతు. ఉత్తరాన రోడ్డు, దక్షిణాన గుర్రపుడెక్క. పడమట మాత్రం నేల పళ్లెం అంచులాగా వాలుగా ఉంటుంది. వానలు వెళ్లాక నీళ్లు రోజుకింత వెనక్కి పోతుంటే, పోయినమేర కొత్త బురద బయటపడుతుంది. ఒకసారి చెప్పు కూరుకుపోయి చేత్తో తీసుకున్నప్పుడు చూశాను, ఆ బురదలో ఎర్ర దారప్పోగుల్లాంటి పురుగులు. దోమను పోలిన ఒక చిన్న ఈగ ఉంటుంది, దాని పిల్లలు అవి. పైపైన ఉన్న బురదలోనే ఎక్కువగా ఉంటాయి. ఉల్లంకి ముక్కు అంగుళం పైచిలుకు. దాని ఒళ్లు మునగని నీళ్లు, దాని ముక్కుకు అందే పురుగు, ఈ రెండూ కలిసేది చెరువు అంచు వెంట సన్నటి పట్టీలో మాత్రమే. నీళ్లు తగ్గేకొద్దీ ఆ పట్టీ లోపలికి జరుగుతుంది. పిట్టలూ దానితోపాటు జరుగుతాయి. నవంబరులో మా ప్రహరీ పక్కన ఉన్నవి ఫిబ్రవరికి చెరువు నడిమధ్యకు చేరతాయి.

ఆ పట్టీలో మళ్లీ ఎవరి చోటు వాళ్లది. అన్నిటికంటే బయట, తడి ఆరీ ఆరని చోట, పిచ్చుకంత లిటిల్ స్టింట్లు సూది కుట్టినట్టు గబగబా పొడుచుకుంటూ పోతాయి. అవి పుట్టేది ఆర్కిటిక్ ఒడ్డున. బరువు ముప్పై గ్రాములు ఉంటే గొప్ప. వాటికి కాస్త లోపల ఉల్లంకులు. ఇంకా లోపల ఎర్ర పుల్లల మీద నిలబెట్టినట్టుండే పొడుగుకాళ్ల పిట్టలు. మోకాలి లోతులో నత్తగుల్ల కొంగలు. ఈ కొంగ ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. ఆ ముక్కుతోనే గుల్లలోంచి నత్తను లాగేస్తుంది, తిన్నచోట గుల్లలు గుట్టగా పడి ఉంటాయి. పెళ్లి పంక్తిలో ఎవరి విస్తరి ముందు వాళ్లు కూర్చున్నట్టు ఉంటుంది ఆ వరస. మీరు ఆ అంచున రాతి గోడ కడితే నీళ్లు గోడకు ఆనుకుని నిలుస్తాయి. చెరువు నిండుగా కనిపిస్తుంది, ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. విస్తళ్లు మాత్రం లేచిపోతాయి.

రోజూ రైల్లోంచి చూస్తున్నా ఇదే లెక్క. కృష్ణ మీద బ్రిడ్జి ఎక్కగానే రైలు నెమ్మదిస్తుంది. కుడివైపు ప్రకాశం బ్యారేజీ, డెబ్బై గేట్లు వరసగా కనపడతాయి. ఎగువన నిండుకుండలా నిలిచిన నీళ్లు, దిగువన ఇసుక తిప్పలు, వాటి మధ్య మడుగులు. జనం ఫొటోలు తీసుకునేది ఎగువ నీళ్లను. పిట్టలు దిగేది తిప్పల అంచులకు. నీరుకాకులు రెక్కలు ఆరేసుకుని గుడ్డల దండెంలా కూర్చుంటాయి. డిసెంబరు వచ్చేసరికి గేట్ల దగ్గర గల్స్ అనే తెల్లటి నీటిపిట్టలు నీళ్ల మీద తిరుగుతుంటాయి, చెవి దగ్గర చిన్న మచ్చ తప్పితే తలంతా తెలుపు. లడఖ్, టిబెట్ సరస్సుల ఒడ్డున గుడ్లు పెట్టే రకం ఇది. ఫిబ్రవరి చివర్లో ఒక్కోదానికీ తల గోధుమరంగు తిరగడం మొదలవుతుంది, మంకీ క్యాప్ తొడుక్కున్నట్టు. అన్నీ క్యాప్ తొడుక్కున్నాయంటే ఇక వెళ్లిపోయే రోజులు దగ్గర పడినట్టు. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు పోయాయి కదా, ఆ తర్వాతి శీతాకాలం తిప్పలన్నీ నాకు గుర్తున్న చోట లేవు. రెండు మూడు వారాలు ఎటు చూడాలో తెలియక ఖాళీ ఇసుకను చూస్తూ వచ్చాను. తర్వాత అవే దొరికాయి, కొత్త తిప్పల అంచున.

మా బోగీలో నాకో తోడు ఉన్నారు, గుంటూరులో బ్యాంకు ఉద్యోగి. మొదట్లో "ఏం చూస్తారు గురువుగారూ, రోజూ ఉండే పొలాలే కదా" అని నవ్వేవారు. ఇప్పుడు మంగళగిరి దాటాక ఆయనే కిటికీ దగ్గరకి జరుగుతారు. నంబూరు లోపల ముందు పాలపిట్టను చూసినవాళ్లకి రెండోవాళ్లు టీ ఇప్పించాలి, అదీ పందెం. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని మా అమ్మ ఊరి చివరకి లాక్కెళ్లేది. ఇప్పుడు శీతాకాలమంతా కరెంటు తీగల మీద చూస్తున్నాను, మంచి సంగతి దేవుడెరుగు, టీ ఖర్చు మాత్రం మిగులుతోంది. 2018లో మన రాష్ట్ర పక్షిగా రామచిలుకను ప్రకటించారు, పాలపిట్ట తెలంగాణవాళ్ల వాటాకు పోయింది. తీగ మీది పాలపిట్టకు ఆ జీవో అందినట్టు లేదు. కోతలయ్యి మినుము మొలిచిన పొలాల మీద ఒక డేగ రెక్కలు కొంచెం పైకెత్తి పట్టి, నేలను వాసన చూస్తున్నట్టు కింద కిందనే ఎగురుతుంది. అది కూడా చలికి వచ్చే చుట్టమే. వరి మిషను వెనక కొంగలు, తీగల మీద పసుల పోలిగాళ్లు, వాటి పక్కన కత్తెర తోక స్వాలోలు పదులకొద్దీ. రైలు హారన్ కొడితే అన్నీ ఒకేసారి లేచి మళ్లీ అదే తీగ మీద కూర్చుంటాయి.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, దారిలో ఉన్న గుంటలు నా కళ్ల ముందే ఒక్కొక్కటి పోయాయి. రాజధాని అన్న మాట వచ్చాక మంగళగిరి వైపు పల్లాలన్నీ మెరక చేసి ప్లాట్లు వేశారు. మొన్నటిదాకా నీరు నిలిచి ఉల్లంకులు తిరిగిన చోట ఇప్పుడు సరిహద్దు రాళ్లు ఉన్నాయి. అమ్ముకున్నవాళ్లను తప్పు పట్టే హక్కు నాకు లేదు, సెంటు భూమి ఉంటే నేనైనా అమ్మేవాణ్నేమో. మీ చెరువును మాత్రం ఎవరూ అమ్మడం లేదు, బాగు చేద్దామనే చూస్తున్నారు. అందుకే మీకు రాస్తే వింటారనిపించింది.

మా ప్రహరీ మీద ముళ్లతీగ ఉంది. ప్రతి ఏడూ సెప్టెంబరు చివరిలో దాని మీదకి ఒక పిట్ట వచ్చి కూర్చుంటుంది. గోధుమరంగు, పెద్ద తల, కళ్లకు అడ్డంగా నల్ల గంత. బ్రౌన్ ష్రైక్ దాని పేరు. బాబాయ్ 'దొంగోడు' అని పేరు పెట్టాడు, ఇప్పుడు ముఠావాళ్లూ అదే అంటారు. వచ్చిన రోజు నుంచి గీగీమని అరిచి మిగతా పిట్టల్ని తరిమేసి, గేటు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా తనదని రాయించుకుంటుంది. ఒకరోజు ముళ్లతీగకు మిడత గుచ్చి ఉంది. ఎవరి ఆకతాయి పనో అనుకున్నాను. మర్నాడు ఇంకోటి, చిన్న బల్లి. మూడో రోజు దొంగోడే స్వయంగా గుచ్చడం చూశాను. కోల్డ్ స్టోరేజీ గోడ మీద వాడికీ ఒక గోడౌన్ ఉందని బాబాయ్ నవ్వాడు. వాడికైతే బాండు రాసే పని లేదు. ఏటా వచ్చేది అదే పిట్ట అని నేను రుజువు చేయలేను, కాలికి రింగు లేదు కదా. కూర్చునేది మాత్రం గేటు నుంచి నాలుగో స్తంభం మీద, ఏటా.

ఇక లైట్ల సంగతి. ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గుగా ఉంది, తప్పు మా వైపే జరిగింది కాబట్టి.

నిరుడు మా వేబ్రిడ్జి దగ్గర కొత్త క్యాబిన్ కట్టారు, మూడు వైపులా అద్దాలు, పైన పెద్ద ఫ్లడ్ లైటు. అక్టోబరు ఆఖరి వారంలో ఒక పొద్దున నేను వచ్చేసరికి బాబాయ్ రెండు చేతులూ దోసిలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. దోసిట్లో ఒక పిట్ట. అద్దం కింద పడి ఉందట. ఆకుపచ్చ వీపు, గోధుమరంగు పొట్ట, కంటి మీదుగా నల్ల చార, రెక్క మీద మెరిసే నీలం, తోక కింద కుంకుమ ఎరుపు, తోక మాత్రం కత్తిరించినట్టు పొట్టిగా ఉంది. కళ్లు తెరిచే ఉంది, గుండె మాత్రం బాబాయ్ వేళ్లు కూడా అదిరేంత వేగంగా కొట్టుకుంటోంది. ప్రింటర్ పేపరు వచ్చిన అట్టపెట్టెకు కన్నాలు పొడిచి, లోపల గోనెగుడ్డ వేసి, చీకటిగా ఉన్న స్టోరు గదిలో పెట్టాం. నీళ్లు పోయబోతే వద్దన్నాను, నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఎక్కడో విన్నాను. ఆ రోజు నేను రాసిన గేట్ పాసుల్లో రెండు తప్పులు వచ్చాయి. సాయంత్రం అయిదింటికి చెరువు పక్క తుమ్మల కింద పెట్టె మూత తీస్తే, పది సెకన్లు అలాగే కూర్చుని, ఒక గెంతు గెంతి, ఎండాకుల్లోకి దూరిపోయింది.

దాని పేరు పొన్నంగి పిట్ట. ఇంగ్లీషులో ఇండియన్ పిట్టా. ఆ 'పిట్టా' మన తెలుగు పిట్టే. 1816లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ జాతి మొత్తానికి ఆ పేరు పెట్టాడు, ఇప్పుడు ఆఫ్రికా నుంచి ఆస్ట్రేలియా దాకా ఆ కుటుంబం పిట్టల్ని పిలిచేది మన మాటతోనే. హిమాలయాల కిందనున్న అడవుల నుంచి చలికాలానికి దక్షిణాదికి, శ్రీలంకకు దిగుతుంది, ప్రయాణం రాత్రిళ్లు. చీకట్లో పోయే పిట్టలకు పెద్ద లైట్లు దారి తప్పిస్తాయి, తెల్లారేసరికి అలసిపోయి ఎక్కడో అద్దానికి కొట్టుకుంటాయి. ఓనరుగారికి చెబితే అక్టోబరు, నవంబరుల్లో లారీలు లేని రాత్రి ఫ్లడ్ లైటు ఆపేయమన్నారు. కరెంటు బిల్లు తగ్గుతుందన్నాకే ఒప్పుకున్నారు, అది వేరే విషయం. అద్దాలకు బయటివైపు పాత క్యాలెండర్ కాగితాలు అంటించాం. చూడ్డానికి అసహ్యంగా ఉంది. మళ్లీ ఏ పిట్టా పడలేదు.

అందుకే ఫ్లెక్సీలో నీలం, ఊదా లైట్లు చెరువు చుట్టూ చూడగానే నాకు బాబాయ్ దోసిలి గుర్తొచ్చింది.

మీ అభ్యంతరాలు నేను ఊహించగలను. ఆటోలో, టీకొట్టు దగ్గర కొన్ని విన్నాను కూడా.

ఊళ్లో ఆడవాళ్లకు సాయంత్రం నడవడానికి చోటు లేదన్నది నూటికి నూరుపాళ్లు నిజం. హైవే సర్వీసు రోడ్డు మీద లారీల పక్కన నడుస్తున్నవాళ్లను రోజూ చూస్తున్నాను, చూసినప్పుడల్లా భయం వేస్తుంది. ట్రాక్ వద్దని నేను అనను. తూర్పు కట్ట మీద, ఉత్తరం రోడ్డు పక్కన వేయండి, బెంచీలు వేయండి, ముసలివాళ్లు పట్టుకోవడానికి రెయిలింగ్ పెట్టండి. ఆ రెండు వైపులా ఒడ్డు ఎలాగూ నిటారే, అక్కడ రాయి కట్టినా ఉల్లంకికి పోయేదేం లేదు. పడమటి వైపు మాత్రం ట్రాక్ ఆపేసి, వాలును వాలుగానే ఉంచండి.

బురద అంటే దోమలు అన్నారొకరు. దోమలు కావాలంటే దక్షిణం వైపు వెళ్లి చూడండి. గుర్రపుడెక్క కింద నీళ్లు కదలవు, ఎండ తగలదు, దోమలకు అంతకంటే మంచి పుట్టిల్లు ఇంకోటి లేదు. సుందరీకరణ అంటే మొదట తీయాల్సింది అది. దాన్ని తీయడానికి ఫ్లెక్సీలో ఒక్క ముక్క రాసి లేదు, బహుశా ఫొటోలో పచ్చగా బాగుంటుందని కాబోలు. తీసింది తీసినట్టు ఒడ్డు దూరంగా పోయించండి, గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి జారుతుంది.

సర్కారు తుమ్మలు కొట్టేస్తామన్నారు. దీని గురించి నాకే రెండు మనసులు. అది మన దేశపు చెట్టు కాదు, ఒకసారి పట్టిందంటే పొలాలు మింగేస్తుంది, కొట్టేయమనే వాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ ఇప్పుడు సాయంత్రం కొంగలు చేరేది వాటి మీదే, పొన్నంగి దాక్కున్నదీ వాటి కిందే. కొట్టాలనుకుంటే ముందు నల్ల తుమ్మో, గానుగో, మద్దో నాటి, అవి నిలదొక్కుకున్నాక కొట్టండి. ఒక్కరోజులో జేసీబీతో వద్దు.

లైట్లు తప్పదనుకుంటే దీపం కిందికి చూసేలా మూత ఉన్నవి పెట్టించండి, నీళ్ల మీద పడకుండా. తొమ్మిది దాటాక ఆపేయండి. తొమ్మిది తర్వాత ఆ ట్రాక్ మీద నడిచేవాళ్లు ఎందుకొస్తారో నాకంటే మీకే బాగా తెలుసు.

పొలాల నుంచి వచ్చే బోదె మీకు గుర్తుందా? ఫ్లెక్సీలో ఆ చోట గోడ గీశారు. బోదె మూస్తే చెరువుకు నీళ్లెలా వస్తాయో, వాన గట్టిగా పడితే ఆ నీళ్లు ఎవరి ఇంట్లోకి పోతాయో ఇంజనీరుగారిని ఒకసారి అడగండి. బుడమేరు నీళ్లు మా వీధిలో నడుము లోతు నిలబడ్డప్పటి నుంచి నాకు గోడలంటే కొంచెం అనుమానం.

నిధులు మార్చిలోపు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతాయన్న టెన్షన్ మీకు ఉంటుంది. మార్చి 31 అంటే ఏమిటో లెక్కలు రాసేవాడికి చెప్పక్కర్లేదు. ఇప్పుడే తూర్పు, ఉత్తరం పనులు పెట్టుకోండి, గుర్రపుడెక్క తీయించండి, బిల్లులు పెట్టడానికి అవే చాలు. పడమటి వైపు ఏదైనా పూడిక తీయాల్సి ఉంటే ఏప్రిల్ దాటాక తీయించండి. అప్పటికి పిట్టలు వెళ్లిపోతాయి, చెరువూ ఎండుతుంది, మట్టి తోలుకునే రైతులకూ అదే అనువు. తీసేటప్పుడు గుంట తవ్వినట్టు కాకుండా పళ్లెంలా వాలు ఉంచమని చెప్పండి.

చట్టం చూపించి బెదిరించాలని ఇదంతా రాయలేదు. చూపించడానికి నా దగ్గర చట్టం లేదు కూడా. చిత్తడి నేలల గురించి 2017లో కేంద్రం నిబంధనలు తెచ్చింది, సాగు కోసం మనుషులు తవ్వుకున్న చెరువులు వాటి కిందకు రావు. ప్రపంచం గుర్తించిన చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాకు 2002లో ఎక్కిన కొల్లేరు కాదు ఇది. కొంగలు, గూడబాతులు గూళ్లు కట్టే ఉప్పలపాడు కూడా కాదు, అది ఇక్కడికి కూతవేటు దూరమే అయినా. అక్కడ ఎర్రకాళ్ల కొంగలు మనిషి నడుమంత ఎత్తు ఉంటాయి, చెట్టు నిండా గూళ్లు, పిల్లల అరుపులు, ఎవరూ చూడకుండా ఉండలేరు. ఆ ఊరివాళ్లు వాటిని తమవి అనుకున్నారు, కాపాడుకున్నారు. అవే కొంగలు మేతకు మన చెరువు మీదకు కూడా వచ్చిపోతుంటాయి. మన చెరువులో ఉన్నవి ఎక్కువగా మట్టిరంగు పిట్టలు. కట్ట మీద నిలబడి చూస్తే బురద తప్ప ఏమీ లేనట్టే ఉంటుంది. డిజైన్ గీసినవాళ్లు డిసెంబరులో వచ్చినా చూసి ఉండేవాళ్లు కాదేమో.

మా గోడౌన్ చేసిన పాపం కూడా ఇక్కడే ఒప్పుకుంటాను. చాలా ఏళ్లు తాలుకాయలు, చిరిగిన గోనెసంచులు ఆ ఒడ్డునే పోశారు, నేను చూస్తూ ఊరుకున్నాను, ఉద్యోగం కదా. రెండేళ్లుగా ఆగింది. మిగిలిపోయిన చెత్త ఏరించే ఖర్చు ఇవ్వడానికి ఓనరుగారు ఒప్పుకున్నారు, మనుషుల్ని ముఠా మేస్త్రి పంపిస్తానన్నాడు. మీరు రోజు చెబితే చాలు.

ఏటా జనవరిలో ఆసియాలోని చాలా దేశాల్లో నీటిపక్షుల లెక్క తీస్తారు, 1987 నుంచి జరుగుతోంది. మామూలు జనమే ఒక ఆదివారం చెరువు దగ్గర కూర్చుని లెక్కపెట్టి పంపుతారు. ఈ చెరువు లెక్క నా దగ్గర రద్దయిన గేట్ పాసుల వెనక రాసి ఉంది. ఒకటి ఇక్కడ ఎత్తి రాస్తున్నాను: "డిసెంబరు 14, పొద్దున 8.50, మంచు. ఉల్లంకులు 17, కాటుకపిట్టలు 5, పొడుగుకాళ్లవి 22, నత్తగుల్ల కొంగలు 9, దొంగోడు నాలుగో స్తంభం." కాటుకపిట్ట అంటే గుర్తొచ్చింది. మన కవులు ఆడవాళ్ల కళ్లను పోల్చిన ఖంజరీటం ఇదే. తోక ఆడిస్తూ మా వేబ్రిడ్జి ఇనుప పలక మీద తిరుగుతుంటుంది, లారీ వచ్చేదాకా కదలదు.

వచ్చే జనవరి లెక్కకు మీరూ రండి. కమిటీ అంతా రానక్కర్లేదు, ఇద్దరొచ్చినా చాలు. ఆదివారం పొద్దున ఆరున్నరకు మా వెనక గేటు దగ్గర ఉంటాను. ఆ రోజు కూడా రైలు ఉంది, బైనాక్యులర్స్ నేను తెస్తాను, ఒకటే ఉంది, మార్చి మార్చి చూద్దాం. టీ బాబాయ్ పెడతాడు. చెప్పులు పాతవి వేసుకుని రండి.

ఇంకో చిన్న మాట. ఫ్లెక్సీ ఎలాగూ మార్చాల్సి వస్తే ఫ్లెమింగోల బదులు పెట్టడానికి ఉల్లంకి ఫొటో నా ఫోన్లో ఉంది. మరీ గొప్పగా రాలేదు కానీ మన చెరువులో తీసిందే, వెనకాల మీ గుడి గోపురం కూడా పడింది.

ఇట్లు,
పడమటి ఒడ్డు కోల్డ్ స్టోరేజీ గుమస్తా